టాప్ బ్రేక్ రివాల్వర్‌ను పక్కన పెట్టకండి, మెరుగుపరచండి

సంపాదకుల వారికి,

అయ్యా,

ఆత్మరక్షణ కోసం లైసెన్సు మీద రివాల్వర్ ఉంచుకునే పౌరుల గురించి మన పత్రికల్లో వచ్చే వార్తలన్నీ లైసెన్సు ఎవరికి ఇచ్చారు, ఎందుకు రద్దు చేశారు, ఎవరు ఎక్కడ కాల్చారు అన్న చోటే ఆగిపోతున్నాయి. ఆ ఆయుధం నిర్మాణం ఎలా ఉంది, ఎలా ఉంటే ఇంట్లోవాళ్లకు ప్రమాదం తగ్గుతుంది అన్న చర్చ దాదాపు లేదు. సాయుధ రిజర్వు పోలీసు విభాగంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలను పరీక్షించి బాగుచేసేవాడిగా పనిచేసి విరమించి, ఇప్పుడు గుంటూరులో స్థిరపడిన నేను ఉద్యోగ జీవితమంతా చేతుల్లో పెట్టుకుని విప్పి, తుడిచి, బిగించిన ఆయుధాల్లో నాకు అత్యంత ప్రియమైనది టాప్ బ్రేక్ రివాల్వర్. దానిని పాతకాలపు వస్తువుగా పక్కకు నెట్టే ధోరణి ఈ మధ్య కనిపిస్తున్నందువల్ల, ఆ నిర్మాణాన్ని ఎందుకు నిలబెట్టుకోవాలో, దానిలో ఏయే మార్పులు చేయాలని నేను కోరుకుంటున్నానో మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఈ రివాల్వర్‌ను దగ్గరగా చూడని పాఠకుల కోసం ముందుగా నాలుగు మాటలు. దీని బ్యారెల్ (గుండు వెళ్లే గొట్టం), సిలిండర్ (తూటాలు నింపే గదులుండి తిరిగే భాగం) రెండూ కలిసి ఒక భాగం. పిడి, ట్రిగ్గర్, హామర్ (దెబ్బ కొట్టి తూటాను పేల్చే సుత్తి) ఉన్నది రెండో భాగం. ట్రిగ్గర్ గార్డుకు ముందున్న ఒక కీలు ఈ రెండింటినీ కలుపుతుంది. హామర్ దగ్గర పైన ఒక గడియ ఉంటుంది. బొటనవేలితో ఆ గడియను నొక్కి బ్యారెల్‌ను కిందికి వంచితే రివాల్వర్ నడుము దగ్గర మడతపడి తెరుచుకుంటుంది, సిలిండర్‌లోని ఆరు గదులూ కళ్లెదుట పైకి వస్తాయి. అదే కదలికలో, సిలిండర్ మధ్య నుంచి నక్షత్రం ఆకారంలో ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ పైకి లేచి, ఆరు తూటాల అంచులనూ ఒకేసారి పట్టుకుని వాటిని బయటికి నెడుతుంది. బ్యారెల్ పూర్తిగా వంగగానే ఎక్స్‌ట్రాక్టర్ టక్కుమని వెనక్కి పోయి తన గుంటలో కూర్చుంటుంది. తెరవడం, ఖాళీ చేయడం, ఖాళీ అయిందని చూపించడం అనే మూడు పనులూ ఒక్క కదలికలో ముగిసే నిర్మాణం చేతి తుపాకుల్లో మరొకటి నాకు తెలియదు.

మన దేశంలో కనిపించే టాప్ బ్రేక్ రివాల్వర్ల వంశం మొదలైంది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో. వెబ్లీ కంపెనీ తయారుచేసిన మార్క్ 1 రివాల్వర్‌ను బ్రిటిష్ సైన్యం 1887లో స్వీకరించింది; .455 బోరుతోనే (బోరు అంటే బ్యారెల్ లోపలి వ్యాసం, అంగుళాల్లో) మార్పులు పొందుతూ వచ్చిన ఆ వరుసలో చివరిదైన మార్క్ 6 మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915లో వచ్చింది. యుద్ధం ముగిశాక, అంత బరువైన ఆయుధంతో కొత్త సైనికులకు గురి నేర్పడం కష్టమవుతోందని 200 గ్రెయిన్ల (దాదాపు 13 గ్రాముల) గుండు ఉన్న .38 బోరుకు మారారు. వెబ్లీ తన నమూనా ఇచ్చినా, దానికి చాలా దగ్గరగా ఉన్న రివాల్వర్‌ను ప్రభుత్వ ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలోనే తయారుచేయించి 1932లో అధికారికం చేశారు. కంపెనీ పోట్లాడితే చివరికి దక్కింది 1,250 పౌండ్ల పరిహారం. రెండో ప్రపంచ యుద్ధంలో ఎన్‌ఫీల్డ్ ఒక్కటే అవసరాలు తీర్చలేకపోయేసరికి అదే వెబ్లీ వారి మార్క్ 4ను కూడా సైన్యం తీసుకోక తప్పలేదు. ఆ .38 రివాల్వర్లే దశాబ్దాల పాటు మన పోలీసు అధికారుల నడుముకు వేలాడాయి. మన పౌరుల కోసం కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారైన .32 రివాల్వర్ కూడా ఆ వెబ్లీ మార్క్ 4 వంశంలోనిదే. సైన్యం, పోలీసులు వాడే .38, .455, 9 ఎంఎం వంటివి సాధారణ పౌరులకు నిషిద్ధ బోరు కాబట్టి .32 మీద ఇంతమంది ఆధారపడవలసి వచ్చింది.

ఈ .32 తూటా చిన్నదని చులకన చేసేవారున్నారు. 98 గ్రెయిన్ల సీసపు గుండుతో 1896 నుంచి వాడుకలో ఉన్న ఈ తూటా గురి విషయంలో ఎంత నమ్మదగినదో తెలియాలంటే 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీలు చూడాలి. అక్కడ షూటర్లు ఎక్కువగా వాడేది ఈ .32 తూటాలోనే ముందు భాగం చదునుగా ఉండే రకం. 2006 దోహా ఆసియా క్రీడల్లో మన జస్పాల్ రాణా అదే విభాగంలో 590 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేసి బంగారు పతకం తెచ్చాడు. తూటాలో లోపం లేదు. పైగా దాని పీడనం తక్కువ. టాప్ బ్రేక్ నిర్మాణం మీద నిపుణులు చేసే ప్రధానమైన ఫిర్యాదు ఏమిటంటే, గడియ, కీలు కలిపి పట్టుకున్న చట్రం .357 మాగ్నమ్ వంటి బలమైన తూటాలకు తట్టుకోలేదని. ఆ మాట నిజమే. కానీ .32కే పరిమితమైన ఆయుధం విషయంలో ఆ అభ్యంతరానికి విలువ లేదు.

ఈ నిర్మాణం మన పరిస్థితులకు ఎందుకు సరిపోతుందో నాకు బాగా అర్థమైంది ఎన్నికల సమయాల్లో. ఎన్నికల కోడ్ అమల్లోకి రాగానే లైసెన్సుదారులు తమ ఆయుధాలను స్టేషన్లలో, ఆయుధాగారాల్లో డిపాజిట్ చేస్తారు. పల్నాడు వైపు నుంచి వచ్చే రైతు, పట్నం బజారు వ్యాపారి, విజయవాడ వన్‌టౌన్‌లో నగల దుకాణం నడిపే పెద్దమనిషి, భర్త పోయాక ఆయన ఆయుధాన్ని అప్పగించడానికి వచ్చిన గృహిణి — అందరూ ఒకే బల్ల ముందు నిలబడతారు. వారిలో చాలామంది ఏడాది పొడవునా ఆ ఆయుధాన్ని బీరువాలోంచి తీసి కూడా ఉండరు. సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టేటప్పుడు అందులో తూటాలు ఉన్నాయో లేవో వారికే ఖాయంగా తెలియదు. అటువంటి చోట టాప్ బ్రేక్ రివాల్వర్ వచ్చిందంటే ఆర్మరర్ ప్రాణం కుదుటపడుతుంది. మజిల్‌ను (బ్యారెల్ కొసను) ఇసుక బస్తా వైపు తిప్పి, గడియ నొక్కి తెరిస్తే చాలు, గదుల్లో ఉన్నదంతా బల్ల మీద పడుతుంది, ఖాళీ గదుల్లోంచి అవతలి వెలుతురు కనిపిస్తుంది. బల్లకు ఆవలి వైపున్న యజమానికీ, పక్కన రిజిస్టరు రాసే కానిస్టేబుల్‌కూ, నాకూ ఆరు గదులూ ఒకేసారి కనిపిస్తాయి. మ్యాగజైన్ (తూటాల అర) తీసేసినా చాంబర్‌లో (తూటా పేలే గదిలో) ఒక తూటా మిగిలిపోయే పిస్టల్‌తో ఈ నిశ్చింత ఉండదు.

2023 ఆగస్టులో కాన్పూర్‌లోని ప్రభుత్వరంగ సంస్థ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ ‘ప్రబల్’ పేరుతో పక్కకు తెరుచుకునే సిలిండర్ ఉన్న .32 రివాల్వర్‌ను విడుదల చేసింది. 50 మీటర్ల వరకు పనిచేస్తుందన్నదే దాని ప్రచారంలో ముందుకు వచ్చిన మాట. ఒకే ముక్కగా ఉన్న గట్టి చట్రం, కదిలే భాగాల అమరికలో సౌలభ్యం దాని బలాలు. దేశంలో కొత్త నమూనా రావడం ఆర్మరర్‌గా నాకు సంతోషమే. అయితే పక్కకు తెరిచే సిలిండర్‌లో తెరవడం ఒక పని, కడ్డీ నొక్కి తూటాలు నెట్టడం రెండో పని. ఆ రెండో పనిని సగం చేసి వదిలేసేవారు, తూటా గదిలోనే ఉండిపోయిందని గమనించనివారు ఉంటారు. ఇక దూరం సంగతి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. ఆపద ఎదురుగా ఉన్నప్పుడే, అవసరమైనంత మేరకే బలం వాడాలన్నది దాని సారం. 50 మీటర్ల దూరంలో ఉన్న మనిషి మీద కాల్పులు జరిపిన లైసెన్సుదారుడు న్యాయస్థానంలో ఏమని చెప్పుకుంటాడు? పౌరుడికి కావలసింది దూరం కాదు. గది ఆ చివర నుంచి ఈ చివరకు తడబడకుండా పనిచేసే ఆయుధం, మిగిలిన రోజులన్నీ ఎవరికీ హాని చేయకుండా పడి ఉండే ఆయుధం.

మెరుగుదల పేరుతో రివాల్వర్‌కు జరిగిన మార్పుల చరిత్ర చూసినవారికి, ఏ మార్పు కోరేటప్పుడైనా జాగ్రత్త అవసరమని తెలుస్తుంది. వాయవ్య సరిహద్దు ప్రాంతంలో 1863 నాటి పోరులో విక్టోరియా క్రాస్ పొందిన జార్జ్ ఫాస్బరీ అనే అధికారి, రివాల్వర్‌ను దాని వెనుతన్నుతోనే (పేలినప్పుడు వెనక్కి తన్నే బలంతోనే) నడిపించాలని తలపెట్టాడు. గుండు పేలగానే బ్యారెల్, సిలిండర్ చట్రం మీద వెనక్కి జారతాయి. సిలిండర్ మీద వంకరటింకరగా చెక్కిన గాళ్ల వల్ల అది తిరిగి తర్వాతి గది వస్తుంది. హామర్ దానంతట అదే లేచి ఉంటుంది. వెబ్లీ కంపెనీ 1901లో దానిని మార్కెట్లోకి తెచ్చింది. గురి పోటీల్లో అది మెరిసింది. కానీ మణికట్టు సడలితే వెనుతన్ను చాలక యంత్రం పూర్తిగా తిరిగేది కాదు, ఆ గాళ్లలో బురద చేరితే ఇరుక్కునేది. ఏ సైన్యమూ దానిని అధికారికంగా తీసుకోలేదు. రష్యా సైన్యం 1895లో స్వీకరించిన నాగాంట్ రివాల్వర్‌లో, సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఉండే సందులోంచి వాయువు పోకుండా సిలిండర్ ముందుకు జరిగి బ్యారెల్‌కు అతుక్కునేట్టు చేశారు. ఆలోచన అద్భుతం. ఫలితంగా ట్రిగ్గర్ నొక్కడం ఎంత కష్టమైందంటే హామర్‌ను బొటనవేలితో ఎత్తకుండా కాల్చిన గుండు ఎక్కడికి పోతుందో చెప్పలేని పరిస్థితి. తూటాలు నింపడం కూడా పక్కనున్న చిన్న ద్వారం గుండా ఒక్కొక్కటిగానే.

ఎన్‌ఫీల్డ్ కథ నాకు వీటికన్నా ముఖ్యం, ఎందుకంటే అది మన రివాల్వర్‌కు సొంత అన్న. ట్యాంకు సిబ్బంది ఎక్కి దిగేటప్పుడు హామర్ కొమ్ము (బొటనవేలితో ఎత్తడానికి వెనక పొడుచుకొచ్చిన భాగం) ఇనుప భాగాలకు తగులుకుంటోందన్న ఫిర్యాదుతో 1938లో ఆ కొమ్మును తీసేశారు. దానితో హామర్‌ను ముందుగా ఎత్తి తేలిక ట్రిగ్గర్‌తో గురి చూసే వీలు ట్యాంకులో ఎన్నడూ కూర్చోని ఎంతోమందికి కూడా పోయింది. యుద్ధ సమయంలో 1942 నుంచి తయారీ వేగం కోసం, హామర్‌ను అడ్డుకునే రక్షణ ముక్కను కూడా మినహాయించారు. ఆ రివాల్వర్లు కిందపడితే పేలే ప్రమాదం ఉందని గుర్తించి, యుద్ధం తర్వాత వాటిని వెనక్కి పిలిపించి ఆ ముక్కను మళ్లీ అమర్చవలసి వచ్చింది.

నేను కోరే మొదటి మార్పు ఇక్కడే పుడుతుంది. కిందపడినా, హామర్ మీద దెబ్బ తగిలినా పేలని రివాల్వర్ కావాలి. పాత లైసెన్సుదారుల్లో ఆరు గదుల రివాల్వర్‌లో ఐదు తూటాలే నింపి, హామర్ కింద గదిని ఖాళీగా ఉంచే అలవాటు ఉంది. ఆ అలవాటు మంచిదే గాని, అది యజమాని జాగ్రత్త మీద ఆధారపడిన రక్షణ. రక్షణ యంత్రంలోనే ఉండాలి. 1944లో అమెరికా నౌక మీద స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ ఒకటి డెక్కు మీద పడి పేలి నావికుడు మరణిస్తే, ఆ కంపెనీ హామర్‌కు అడ్డుపడే ముక్కను వెంటనే కొత్తగా రూపొందించింది. అంతకన్నా సరళమైన ఉపాయం ట్రాన్స్‌ఫర్ బార్. ఇందులో హామర్ నేరుగా ఫైరింగ్ పిన్నును (తూటా అడుగున పొడిచి పేల్చే సూదిని) తాకదు. ట్రిగ్గర్‌ను పూర్తిగా వెనక్కి నొక్కి ఉంచినప్పుడు మాత్రమే ఒక పలుచని ఉక్కు పలక పైకి లేచి రెండింటికీ మధ్య నిలబడి హామర్ దెబ్బను పిన్నుకు అందిస్తుంది. వేలు తీస్తే పలక కిందికి దిగిపోతుంది, హామర్ మీద సుత్తితో కొట్టినా పిన్ను కదలదు. ఇది టాప్ బ్రేక్‌లో ఇమడదన్న వాదన చెల్లదు. అమెరికాలో ఐవర్ జాన్సన్ కంపెనీ 1890ల్లోనే దీనిని .32, .38 టాప్ బ్రేక్ రివాల్వర్లలోనే అమర్చి, హామర్ మీద సుత్తితో కొట్టే బొమ్మతో ప్రకటనలు వేసుకుంది. 1973లో రూగర్ కంపెనీ తన పాత నమూనాల స్థానంలో ఇదే ఏర్పాటు ఉన్న కొత్త నమూనాలను తెచ్చింది. వందేళ్లకు పైగా పరీక్షకు నిలిచిన ఈ చిన్న పలక ప్రతి భారతీయ రివాల్వర్‌లోనూ తప్పనిసరి కావాలి.

మన విజయవాడ ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేసి పాశుపతాస్త్రం పొందాడని మనవాళ్ల నమ్మకం. అస్త్రం ఇచ్చిన శివుడు ప్రయోగంతో పాటు ఉపసంహారం కూడా నేర్పాడంటారు. ఉపసంహారం చేతకాని అశ్వత్థామ ఏం చేశాడో మనకు తెలుసు. ప్రతి దసరాకు ఆయుధాగారంలో రివాల్వర్లకు పసుపు కుంకుమలు పెట్టి పూజ చేసేటప్పుడు నాకు ఆ కథే గుర్తుకు వచ్చేది. ట్రాన్స్‌ఫర్ బార్ అన్నది రివాల్వర్‌కు ఉపసంహారం.

రెండో మార్పు ఎక్స్‌ట్రాక్టర్‌కు సంబంధించినది. ఇది టాప్ బ్రేక్‌లన్నిటికీ, ఏ దేశంలో ఎవరు చేసినా, పుట్టుకతో వచ్చిన బలహీనత. .32 తూటా అడుగు అంచు దాని ఒంటికన్నా ప్రతి వైపూ దాదాపు అర మిల్లీమీటరు మాత్రమే వెడల్పు. ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం ఆ అర మిల్లీమీటరును పట్టుకునే తూటాను లేపాలి. రివాల్వర్‌ను నెమ్మదిగా తెరిచినా, మజిల్‌ను పైకి పెట్టకుండా తెరిచినా, ఒక్కోసారి ఒక ఖాళీ కేసు అంచు నక్షత్రం కిందికి జారిపోతుంది. నక్షత్రం వెనక్కి కూర్చోలేదు, రివాల్వర్ మూసుకోదు. నక్షత్రాన్ని ఒక చేత్తో పైకి లేపి పట్టుకుని, రెండో చేతి గోటితో ఆ కేసును పెకలించి తీయాలి. చెమట పట్టిన చేతులతో, ఆందోళనలో ఉన్న మనిషికి అది అయ్యే పని కాదు. నక్షత్రం ఆకులను కాస్త వెడల్పు చేసి, అంచు కూర్చునే మెట్టును లోతుగా చెక్కి, కేసు గది నుంచి పూర్తిగా బయటపడేదాకా దాని ప్రయాణాన్ని పొడిగిస్తే ఈ బెడద చాలావరకు తీరుతుంది. అందుకు సిలిండర్ గదుల మధ్య గోడ మందం కొంత తగ్గుతుందనుకున్నా, .32 పీడనానికి ఆ మేరకు వెసులుబాటు ఉంది.

కీలు, గడియ గురించి ఆర్మరర్లందరి అనుభవం ఒకటే. రివాల్వర్ వయసు తెలుసుకోవాలంటే నంబరు చూడనక్కర్లేదు, బ్యారెల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూస్తే చాలు. ఆటలు చూపించుకోవడానికి టపటప తెరిచి మూసే యజమానుల చేతుల్లో కీలు పిన్ను, గడియ లోపలి ముఖం అరిగి, హామర్ పడే చోటు మారుతుంది. అరిగే ముఖాలను చట్రంలోనే చెక్కడం మాని, విడిగా తీసి మార్చుకోగలిగే గట్టి ఉక్కు ముక్కలుగా పెట్టాలని, వాటిని వెంట్రుకవాసి తేడాలతో మూడు నాలుగు కొలతల్లో తయారుచేయాలని నా కోరిక. అధీకృత మరమ్మతుదారు కొలిచి, తగిన ముక్క వేస్తే ఆయుధం తిరిగి కొత్తగా బిగుస్తుంది. గడియ మీటను రెండు వైపుల నుంచీ నొక్కేట్టు చేస్తే ఎడమచేతివాటం ఉన్నవారి ఇబ్బంది కూడా తీరిపోతుంది.

పిడి విషయంలో నాకు చాలా కాలంగా బాధ ఉంది. ఈ రివాల్వర్ పుట్టింది చలికాలంలో చేతితొడుగులు వేసుకునే యూరోపియన్ సైనికుల అరచేతి కోసం. మన ఆడవాళ్ల చేతులకు, వయసు మళ్లిన మగవాళ్ల చేతులకు కూడా పిడి వెనక నుంచి ట్రిగ్గర్‌కు దూరం ఎక్కువ. చూపుడువేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌ను అందుకుంటుంది, హామర్ ఎత్తకుండా నొక్కవలసి వచ్చినప్పుడు ఆ కొసకు బలం చాలక మజిల్ పక్కకు తిరుగుతుంది. 2014లో మహిళల కోసమని కాన్పూర్‌లో ‘నిర్భీక్’ను తెచ్చినప్పుడు దృష్టంతా బరువు మీద పెట్టారు. టైటానియం మిశ్రమలోహంతో దాదాపు 500 గ్రాములకు తగ్గించారు, ధర సుమారు 1,22,000 రూపాయలయింది. మహిళల భద్రత పేరుతో ఆలోచించినందుకు ఆ కర్మాగారాన్ని గౌరవిస్తాను. కానీ నా శిక్షణలో గురి నేర్చుకున్న మహిళా సిబ్బంది ఎవరూ రివాల్వర్ బరువుగా ఉందని చెప్పగా నేను వినలేదు. ట్రిగ్గర్ గట్టిగా ఉందని, వేలు అందడం లేదని మాత్రం చాలామంది అన్నారు. 700 గ్రాముల ఉక్కు రివాల్వర్ చేతిలో నిలకడగా ఉంటుంది, వెనుతన్నును మింగుతుంది. ఖర్చు టైటానియం మీద కన్నా ట్రిగ్గర్ లోపలి ముఖాల నునుపు మీద, స్ప్రింగు అమరిక మీద పెట్టాలి. రెండు మూడు కొలతల పిడి పలకలు పెట్టెలోనే ఇవ్వాలి. హామర్ కొమ్మును మాత్రం దయచేసి తీసేయవద్దు.

గురి చూసే సైట్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు: ఫోర్‌సైట్ (బ్యారెల్ కొసనున్న గురి ముక్క) విడిగా మార్చుకునేట్టు, మసక వెలుతురులోనూ కనిపించే రంగుతో ఉంటే చాలు. పూత సంగతి కాస్త గట్టిగానే అడగాలి. రోహిణి కార్తెలో మన ప్రాంతంలో నడుముకు కట్టుకున్న ఆయుధం సాయంత్రానికి ఉప్పు పట్టిన చెమటలో నానినట్టే ఉంటుంది. నల్లని బ్లూయింగ్ పూత ఆ చెమటకు నిలవదు, మర్నాటికల్లా సిలిండర్ గాళ్లలో ఎర్రటి తుప్పు మొదలవుతుంది. వర్షాకాలంలో బీరువాలో తోలు హోల్‌స్టర్‌తో సహా పెట్టేసినవారి ఆయుధాలు ఇంకా అన్యాయం. స్టెయిన్‌లెస్ ఉక్కు గాని, నైట్రైడ్ చేసిన (నైట్రోజన్‌తో గట్టిపరచిన) ఉపరితలం గాని కృష్ణా తీరానికి తగినవి.

ఇళ్లలో పిల్లల భద్రత కోసం రివాల్వర్‌లోనే తాళంచెవి పెట్టే పద్ధతి కొన్ని విదేశీ కంపెనీలు తెచ్చాయి. చట్రం లోపల మరో సున్నితమైన యంత్రం చేర్చడం నాకు నచ్చదు. టాప్ బ్రేక్‌కు అంతకన్నా మంచి దారి దాని నిర్మాణంలోనే ఉంది. తెరిచిన రివాల్వర్ ఏ విధంగానూ పేలలేదు. బ్యారెల్ వంగిన స్థితిలో కీలు దగ్గర ఒక రంధ్రం వచ్చేట్టు చట్రాన్ని రూపొందించి, అందులో మామూలు చిన్న తాళం కప్ప వేస్తే అది మూసుకోదు. బీరువా తలుపు తెరిచిన ఎవరికైనా దూరం నుంచే అది తెరిచి, ఖాళీగా, తాళం వేసి ఉందని కనిపిస్తుంది. ఎన్నికలప్పుడు డిపాజిట్ చేసే ఆయుధాలను కూడా అదే స్థితిలో తాళం వేసి, చీటీ కట్టి ర్యాకులో పెట్టవచ్చు. నేను ఊహించిన మార్పులన్నిటిలో దీనికే ఖర్చు తక్కువ, దీనివల్లే ప్రాణాలు ఎక్కువ నిలుస్తాయని నా గట్టి నమ్మకం.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఇవన్నీ కర్మాగారంలో, డిజైన్ విభాగంలో, పరీక్షల తర్వాత జరగవలసిన మార్పులు. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద ఎంత సూక్ష్మమైన భాగాన్నయినా చెక్కగలిగే పనివాళ్లున్నారు, వారి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ తుపాకీ భాగాన్ని లైసెన్సు లేకుండా తయారుచేసినా, మార్చినా, మరమ్మతు చేసినా 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద నేరం. 2019 సవరణ తర్వాత అందుకు శిక్ష ఏడేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం వరకు ఉంటుంది. లైసెన్సుదారులెవరూ సొంతంగా ట్రిగ్గర్ తేలిక చేయించుకోవాలని, స్ప్రింగు మార్పించుకోవాలని ప్రయత్నించవద్దు.

కాన్పూర్ సంస్థకు, రక్షణ ఉత్పత్తుల శాఖకు నా విన్నపం ఇది. తదుపరి నమూనా గీయడానికి ముందు జిల్లాల ఆయుధాగారాల్లోని ఆర్మరర్లను, 2016 ఆయుధ నిబంధనల ప్రకారం దరఖాస్తుదారులకు తప్పనిసరి అయిన శిక్షణ ఇచ్చేవారిని, లైసెన్సు ఉన్న మహిళలను పిలిచి వారి మాట వినండి. వీలైతే ఒక ఎన్నికల వేళ ఏదైనా జిల్లా కేంద్రంలో డిపాజిట్ బల్ల దగ్గర మీ ఇంజనీర్లను ఒక పూట కూర్చోబెట్టండి. తూటాలు నింపిన స్థితిలో ఏయే ఎత్తుల నుంచి, ఏయే వైపులకు పడేసి పరీక్షించారో, ఫలితం ఏమిటో ప్రతి రివాల్వర్ పెట్టెలో రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ కాగితం, ఆయుధాన్ని తెరిచే, తుడిచే, తాళం వేసే పద్ధతిని బొమ్మలతో చూపే పుస్తకం రెండూ తెలుగులో కూడా ఉండాలి. డిపాజిట్ బల్ల ముందుకు వచ్చే మా రైతుల్లో చాలామంది చదవగలిగేది ఆ భాషే.

ఇట్లు,
విశ్రాంత పోలీసు ఆర్మరర్,
పట్టాభిపురం, గుంటూరు.